కనీస వేతనాన్ని అలవెన్సులుగా చీలిస్తే పీఎఫ్ ఎంత మీద కట్టాలి?

చీమకుర్తి లెక్కలు:
గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ జీతం చీటీ ఇలా ఉంది. బేసిక్ 7,000, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 3,500, కన్వేయన్స్ (ప్రయాణ భత్యం) 1,500, వాషింగ్ 1,000, మొత్తం 13,000. పీఎఫ్ 7,000 మీదే లెక్కగట్టి 840 కోస్తున్నారు. ఆ కేటగిరీకి బేసిక్, వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కలిపి కనీస వేతనం 12,800 అనుకోండి. అంకె లెక్క కోసమే, అసలు రేటు జీవోలో చూసుకోవాలి. "కనీస వేతనం దాటించాం, బేసిక్ సగానికి పైనే ఉంది, ఇంకేం తక్కువ?" అంటోంది యాజమాన్యం. ఈ 7,000 లెక్క నిలుస్తుందా? ఇంకొకటి, కోతలు పోను చేతికి 12,000 చిల్లరే వస్తోంది. అంటే కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చినట్టేనా?

కావలి కన్సల్టెంట్:
రెండోదానికి జవాబు చిన్నది. కనీస వేతనాన్ని కోతలకు ముందు చూస్తారు. కార్మికుడి వాటా 12 శాతం పీఎఫ్, 0.75 శాతం ఈఎస్‌ఐ చట్టం ఒప్పుకున్న కోతలే కాబట్టి చేతికి తగ్గినంత మాత్రాన తప్పు కాదు. యజమాని వాటా 12 శాతాన్ని కూడా జీతంలోంచే లాగితే మాత్రం పూర్తిగా తప్పు. పీఎఫ్ స్కీము 31వ పేరా దాన్ని నేరుగా నిషేధిస్తుంది. చీటీలో "పీఎఫ్ 24%" అని గానీ, 840 గడి రెండుసార్లు గానీ కనిపిస్తే ముందు దాని సంగతి తేల్చండి.

ఇక 7,000 లెక్క. 1952 పీఎఫ్ చట్టం 6వ సెక్షన్ ప్రకారం పీఎఫ్ కట్టాల్సింది బేసిక్, కరువు భత్యం కలిపిన మొత్తం మీద. కనీస వేతనం నోటిఫికేషన్‌లో ఉండేవీ ఆ రెండే, బేసిక్, వీడీఏ. హెచ్‌ఆర్‌ఏ అనే గడే అందులో ఉండదు. మీ చీటీలో వీడీఏ ఏదండీ? ఏప్రిల్ 1న, అక్టోబరు 1న పెరిగే ఆ సొమ్మును కన్వేయన్స్, వాషింగ్ పేర్ల కింద సర్దేస్తున్నారు. అసలు మెలిక అక్కడే ఉంది. పేరు మారిస్తే అది కరువు భత్యం కాకుండా పోదు. నన్నడిగితే 12,800 మీద కట్టాలి.

నెల్లూరు లేబర్ లా:
కావలి గారి ఉద్దేశం మంచిదే గానీ, కోర్టులో అంత తేలిగ్గా నిలవదు. జీ4ఎస్ సెక్యూరిటీ కేసులో పీఎఫ్ సంస్థ ఇదే వాదన పెట్టింది. కనీస వేతన చట్టంలోని నిర్వచనాన్ని తెచ్చి పీఎఫ్ చట్టంలోని 'బేసిక్ వేజెస్' మీద రుద్దలేమని పంజాబ్-హర్యానా హైకోర్టు అంది. 2023లో సుప్రీంకోర్టు కూడా పీఎఫ్ సంస్థ అప్పీలును కొట్టేసింది. 12,800 అని ఒక్క మాటతో ఫిర్యాదు రాస్తే అవతలి లాయరు ఆ తీర్పే బల్ల మీద పెడతాడు.

గట్టి దారి వేరే ఉంది. 2019 ఫిబ్రవరి 28న వివేకానంద విద్యామందిర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. అందరికీ మామూలుగా, ఒకే తీరున ఇచ్చే అలవెన్సు బేసిక్‌లో భాగమే. ఎక్కువ పని చేసినందుకో, ప్రత్యేక కారణంతోనో ఇస్తున్నామని యజమాని చూపించగలిగితేనే మినహాయింపు. ఇక్కడ కన్వేయన్స్ 1,500, వాషింగ్ 1,000 మేస్త్రి నుంచి హెల్పరు దాకా అందరికీ ఒకేలా వస్తుంటే ఆ 2,500 కలవాల్సిందే. అంటే కనీసం 9,500 మీద 1,140 కోయాలి, యజమాని మరో 1,140 కట్టాలి. హెచ్‌ఆర్‌ఏను మాత్రం పీఎఫ్ చట్టం 2(బి) సెక్షన్ పేరు పెట్టి మినహాయించింది. ఆ 3,500 కోసం కొట్లాడాలంటే, అది పీఎఫ్ తగ్గించడానికి కల్పించిన పేరేనని పాత చీటీలతో చూపాలి. వీడీఏ పెరిగిన నెలలోనే హెచ్‌ఆర్‌ఏ కూడా పెరిగి బేసిక్ కదలకుండా ఉంటే, అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సగం రూలు సంగతి కూడా చెప్పాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతన కోడ్‌లో మినహాయింపులు మొత్తంలో సగం దాటితే, దాటినంత మేరకే వేతనంలో కలుపుతారు. ఇక్కడ మినహాయింపులు 6,000, సగం 6,500. కాబట్టి ఆ రూలు కింద కలిసేది సున్నా. బేసిక్‌ను 7,000 దగ్గర ఆపింది అందుకే. కానీ సగం రూలులో నెగ్గితే కనీస వేతనం పరీక్షలో నెగ్గినట్టు కాదు. కోడ్ రాకముందు, 1948 కనీస వేతన చట్టం నాటి నెలలకైతే హెచ్‌ఆర్‌ఏను వేతనంలో లెక్కేస్తారు, ప్రయాణ భత్యాన్ని లెక్కేయరు. కన్వేయన్స్ తీసేస్తే 11,500. 12,800కు అక్కడే 1,300 తక్కువ పడింది!

చీమకుర్తి లెక్కలు:
ఇది నాకు తట్టలేదు, ధన్యవాదాలండీ. ఇంకో చిక్కు, కార్మికులే "కోత పెరిగితే చేతికి తగ్గుద్ది, వద్దు" అంటున్నారు. వాళ్లకేం చెప్పాలి?

కావలి కన్సల్టెంట్:
పాస్‌బుక్ ముందు పెట్టి చూపించండి. 7,000 మీద యజమాని కట్టే 840లో 583 పింఛనుకు పోయి, పీఎఫ్‌లో పడేది 257. అదే మొత్తం జీతం 13,000 మీద అయితే పింఛనుకు 1,083, పీఎఫ్‌కు 477. కార్మికుడికి 720 ఎక్కువ కోస్తే, యజమాని జేబులోంచీ అంతే ఎక్కువ వస్తుంది. ఆ రెండోది ఇప్పుడు వాళ్లకు దక్కకుండా పోతున్న సొమ్ము.

పింఛను లెక్క చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించడం. 15 ఏళ్లకు 7,000 మీద నెలకు 1,500, 13,000 మీద 2,786. బీమా సంగతి ఇంట్లోవాళ్లకు తప్పక చెప్పండి. ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఈడీఎల్‌ఐ కింద సగటు నెల జీతానికి 35 రెట్లు, దానిపైన పీఎఫ్ నిల్వలో సగం (1,75,000 మించకుండా) వస్తాయి. 35 రెట్లంటే 7,000కు 2,45,000, 13,000కు 4,55,000. రాళ్ల దుమ్ములో, స్లాబుల కింద పనిచేసే వాళ్లకు ఈ తేడా చిన్నది కాదు.

ఒంగోలు యూనియన్:
ఫిర్యాదుకు ముందు ఒకటి చూసుకోండి. క్వారీలో పని గని కిందికి వస్తుంది, దానికి కేంద్రం రేట్లు. పాలిషింగ్ యూనిట్‌కు రాష్ట్రం జీవో. ఒకే యజమానికి రెండూ ఉన్నప్పుడు తప్పు రేటు రాస్తే అర్జీ తిరిగొస్తుంది.

పాస్‌బుక్‌లో ఉద్యోగి వాటాను 0.12తో భాగిస్తే ఏ జీతం మీద కట్టారో తేలుతుంది. గైర్హాజరు ఉన్న నెలలు తీసేసి, నిండు నెలలే తీసుకోండి. 840 బదులు 646 కనిపిస్తే అది 26కు 20 రోజుల జీతం, దొంగ లెక్క కాదు. కనీసం ఒక ఏప్రిల్, ఒక అక్టోబరు దాటేలా చీటీలు జత చేయండి.

కనీస వేతనం తగ్గిందనే అర్జీ లేబర్ ఆఫీసుకు, పీఎఫ్ తక్కువ కట్టారనేది పీఎఫ్ సంస్థ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌కు. రెండూ కలిపి ఒకే కాగితం మీద రాయొద్దు, ఒకరి మీద ఒకరు తోసేసుకుంటారు. పీఎఫ్ అర్జీలో "పీఎఫ్ చట్టం 7ఏ సెక్షన్ కింద విచారణ జరిపి తేడా వసూలు చేయండి" అని రాయండి. దాని మీద 7క్యూ కింద ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా పడుతుంది. ప్రతి నెలా 27న జిల్లాల్లో పెట్టే 'నిధి ఆప్‌కే నికట్' శిబిరానికి కాగితాలు నేరుగా పట్టుకెళ్లొచ్చు.

కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లయితే అర్జీలో యూనిట్ యజమాని పేరు కూడా చేర్చండి. పీఎఫ్ స్కీము 30వ పేరా ప్రకారం కట్టే బాధ్యత ఆయనదే. కాంట్రాక్టరు ఊరొదిలి పోయినా వసూలు ఆగదు.