తరంగం వీడియోలో పాదం బరువు తెలియట్లేదు

ఇత్తడిపళ్ళెం: మా అమ్మాయి కూచిపూడి తరంగం (ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి చేసే నాట్యం) చేస్తుంటే ఫోన్‌లో తీశాను. హాల్లో తను పళ్ళెం అంచు మీద జరుగుతుంటే నా కాళ్ళు బిగుసుకుపోయాయి, ఇంటికొచ్చి చూస్తే ఏదో బొమ్మ కదిలినట్టుంది. ఎక్కడ తప్పు చేశాను?

గజ్జెలమోత: ముందు జూమ్ మానండి. ముఖం చూపించి మళ్ళీ పాదాలకి దిగితే బరువు ఏ కాలి నుంచి ఏ కాలికి మారిందో కంటికి అందదు. పాత హాలీవుడ్ సినిమాల డాన్సర్ ఫ్రెడ్ అస్టైర్ కూడా డాన్సర్ తల నుంచి పాదం దాకా ఫ్రేమ్‌లో ఉండాలని పట్టుబట్టేవాడు, ఊరికే కాదు.

సౌండ్‌పిచ్చి: అసలు సంగతి చప్పుడండీ. స్పీకర్లోంచి వచ్చే మృదంగం, నట్టువాంగం (గురువు వేసే తాళాలు) మోతలో పళ్ళెం నేలకి రాసుకునే గరగర మునిగిపోతుంది. వేదిక అంచున నేలకి దగ్గరగా చిన్న మైకు పెట్టి విడిగా రికార్డు చేసి, తర్వాత కలపండి. చూసేటప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఫోన్ స్పీకర్లో అడుగు దెబ్బ లోతు రాదు.

ఇత్తడిపళ్ళెం: అయ్యో, పాట బాగా రావాలని నేను స్పీకర్ పక్కనే కూర్చున్నా!

గజ్జెలమోత: హహ. ఈసారి కెమెరా మోకాలి ఎత్తులో పెట్టి చూడండి, పళ్ళెం ఓ పక్క లేచి దిగడం కనిపిస్తుంది.