మూడు గజాలు కొన్నాను, ఇంటికొచ్చాక చాలలేదు: బొంత బట్ట కొలత గురించి

ప్రశ్న: పాలకొల్లు అమ్మాయి, ఇప్పుడు కొలంబస్, ఒహాయో

అందరికీ నమస్కారం. నేను ఈ మధ్యే ఇక్కడికి వచ్చాను. మా అమ్మ తన పాత నేత చీరలు కొన్ని పంపింది. వాటి ముక్కలు పైన అతికి, అడుగున కొత్త బట్ట వేసి, మా అక్క పాపకు బొంత కుట్టాలని ఉంది. పూర్తయ్యాక 45 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు ఉండాలి. పొరలు కలిపి కుట్టే పెద్ద మెషీను ఉన్న ఆవిడ, అడుగు బట్ట నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలన్నారు. అంటే 53, 68. బట్ట పన్నా 42 అంగుళాలే కాబట్టి 53 అంగుళాల ముక్కలు రెండు పక్కపక్కన కలపాలి. మొత్తం 106 అంగుళాలు. మూడు గజాలంటే 108 కదా అని అంతే కొన్నాను. ఉతికి డ్రయ్యర్‌లో ఆరబెట్టి కొలిస్తే 103 వచ్చింది.

ఇది కాక చుట్టూ పట్టీ వేయడానికి ఎరుపు రంగులో ఇంకో గజం కొన్నాను. అది ఇంకా ఉతకలేదు. ఒక అంచు దగ్గర కొలిస్తే 36 అంగుళాలు, రెండో అంచు దగ్గర 34. దుకాణం వాళ్లు మోసం చేశారా? ఊళ్లో అయితే నాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి అడిగేదాన్ని. ఇక్కడ ఎలా అడగాలో తెలియడం లేదు.

జవాబు: అమలాపురం ఆవిడ, చాలాకాలంగా క్లీవ్‌లాండ్

అమ్మా, ఆ రెండు బట్టల్నీ ఒకే గాటన కట్టకండి. మొదటిదాంట్లో దుకాణం తప్పు ఉన్నట్టు లేదు. రెండోదాంట్లో ఉంది.

మొదటిది: క్విల్టింగ్ (బొంతలు కుట్టే) నూలు బట్ట వేడినీళ్లలో ఉతికి డ్రయ్యర్‌లో వేస్తే 3 నుంచి 5 శాతం దాకా ముడుచుకుంటుంది. 108 అంగుళాల మీద 5 శాతం అంటే అయిదు అంగుళాలకు పైనే. మీకు పోయింది అయిదు. వాళ్లు సరిగానే కొలిచి ఉంటారు, బట్టే దగ్గరపడింది. ఉతికిన తర్వాత కొలిచి తక్కువ ఇచ్చారంటే ఏ దుకాణమూ ఒప్పుకోదు, ఒప్పుకోవాల్సిన పనీ లేదు. అందుకే ఇంటికి రాగానే, నీళ్లు తగలకముందే, బల్ల మీద పరిచి ఒకసారి కొలవండి. బిల్లు కూడా బట్టతోపాటే ఉంచండి.

ముందే ఉతికి మంచి పని చేశారు. మీ అమ్మగారి చీరలు ఎన్నో ఉతుకులు చూసినవి, అవి ఇక ముడుచుకోవు. వాటి కింద ఉతకని కొత్త బట్ట వేసి కుట్టి ఉంటే, మొదటి ఉతుకులోనే అడుగు దగ్గరపడి పైన చీర ముక్కలన్నీ ఉబ్బెత్తుగా లేచేవి. చీరలతో బొంత కుట్టేవాళ్లు కొత్త బట్టను తప్పకుండా ఉతకాలి. బొంతను తర్వాత ఎలా ఉతుకుతారో ఇప్పుడూ అలాగే ఉతకాలి. ఎరుపు బట్టను విడిగా ఉతకండి. ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు వదులుతుందేమో చూడండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్లలో నమ్ముతారు. ఇప్పటి మిల్లు రంగులకు అది పనిచేయదు. రంగు వదలడం ఆగేదాకా ఉతకడమే మేలు. అయితే ఎరుపు బట్ట ఉతికే ముందు ఇది పూర్తిగా చదవండి, ఎందుకంటే దాన్ని మీరు వెనక్కి పట్టుకెళ్లాలి.

లెక్క విషయంలో నేను ఎప్పుడూ పాటించేది చెబుతాను. కావలసిన పొడవుకు 5 శాతం కలపండి. ఆ పైన కొసలు సరిచేసుకోవడానికి మూడు అంగుళాలు కలపండి. మీ 106కు అలా కలిపితే 115 దాకా వస్తుంది. మూడుంబావు గజాలు, అంటే 117 అంగుళాలు అడగాల్సింది. పన్నా కూడా అట్ట మీద రాసినంత నమ్మకండి. 42 నుంచి 44 అని రాసి ఉంటుంది. నేత అంచులు తీసేసి, ఉతికాక, చేతికి మిగిలేది 40 అనుకుని లెక్కవేస్తే ఎక్కడా ఇబ్బంది రాదు.

ఇక రెండోది. 36 ఒకవైపు, 34 ఒకవైపు వచ్చిందంటే కత్తెర వంకరగా పోయింది. మీకు పనికొచ్చే నిలువు 34 మాత్రమే. గజం డబ్బు తీసుకుని 34 అంగుళాలు ఇవ్వడం సరికాదు. కావాలని చేశారని నేను అనను. ఈ బట్ట మధ్యకు మడిచి అట్టకు చుట్టి వస్తుంది. చుట్టేటప్పుడు మడత పక్కకు జరిగితే, బల్ల మీద చూడటానికి తిన్నగా కోసినట్టే ఉంటుంది, విప్పితే ఐమూలగా వస్తుంది. కారణం ఏదైనా నష్టం మీరు భరించకూడదు.

జవాబు: తణుకులో బట్టల కొట్టు నడిపిన పెద్దాయన, ఇప్పుడు టొరంటోలో కొడుకు దగ్గర

అమ్మాయీ, ఆవిడ చెప్పిందంతా సరైనదే. బల్లకు అవతలివైపు నిలబడినవాడిగా నేను కొంచెం కలుపుతాను.

బట్టను కొలిచేటప్పుడు కొలత చూడకు, చేతులు చూడు. బట్టను లాగి పట్టుకుని బద్ద మీద పెడితే అంగుళం, అంగుళంన్నర అక్కడే పోతుంది. చెయ్యి వదలగానే బట్ట వెనక్కి వస్తుంది. బట్ట బల్ల మీద వదులుగా పడుకుని ఉండాలి, కోసే మనిషి దాన్ని అరచేత్తో సర్దాలి తప్ప లాగకూడదు. రెండోది, బట్ట తాను మొదటి కొస. ఇంతకుముందు కొన్నవాళ్లకు వంకరగా కోసి ఉంటే ఆ వంకర నీ ముక్కకు వస్తుంది. కొస సరిచేశాక కొలవమని అడుగు. మంచి కొట్టువాడు అడగకుండానే చేస్తాడు, ఆ పీలికను నీ లెక్కలో వేయడు. మూడోది, మడత విప్పించు. రెండు నేత అంచులూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో చూసి, అప్పుడు కత్తెర పెట్టమను.

కొన్ని దుకాణాల్లో కోయరు, చింపుతారు. భయపడకు. సాదా నేత నూలు బట్ట చింపితే పేక దారం వెంటే చిరుగుతుంది, కనుక అంతకన్నా తిన్నని కొస లేదు. కొసలు కొద్దిగా సాగి పీచు లేస్తాయి, ఇస్త్రీ చేసి అర అంగుళం తీసెయ్యి.

మన దగ్గర మీటరు బద్ద మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. నేను కొట్టు నడిపినన్నాళ్లూ ఆ ముద్ర కొనేవాళ్లకు కనిపించేలా పెట్టాను. ఇంట్లో నువ్వు వాడే గుడ్డ టేపు పాతదైతే సాగి ఉంటుంది, దానితో కొలిచి ఎవరినీ నిందించకు. ఇనుప టేపు కొనుక్కో.

ఇంకొకటి. ఊళ్లో మూడు అంటే మూడు మీటర్లు, 118 అంగుళాలు. అక్కడ మూడు అంటే మూడు గజాలు, 108. పది అంగుళాల తేడా. మన ఆడపిల్లలు చాలామంది చేతికి అలవాటైన అంకె చెప్పేసి తక్కువ పడ్డారని బాధపడతారు. గజం ఎంతో నీకు తెలియనిది కాదు, ఆరు గజాల చీర కట్టినదానివే. ఆ చీరను ఇప్పుడు అయిదున్నర మీటర్లంటున్నారు, అంతే. కెనడాలో మీటర్ల లెక్క ఉంది, కానీ బొంత నమూనాలన్నీ అమెరికావి, గజాల్లో ఉంటాయి. కొట్టుకు వెళ్లే ముందే అంగుళాల్లోకి మార్చి కాగితం మీద రాసుకో.

మళ్లీ ప్రశ్న: పాలకొల్లు అమ్మాయి

చాలా ధన్యవాదాలు. బాబాయిగారూ, కొస సరిచేయమని, మడత విప్పమని అడిగితే వాళ్లేమీ అనుకోరా? నా వెనక మనుషులు వరసలో నిలబడి ఉన్నారు. నా ఇంగ్లీషు వాళ్లకు ఒకసారికి అర్థం కాలేదు కూడా. అందుకే ఇచ్చింది పుచ్చుకుని వచ్చేశాను.

జవాబు: అమలాపురం ఆవిడ

అడగనిదే అమ్మయినా పెట్టదు తల్లీ. ఇక్కడి దుకాణాల్లో అడగడం మర్యాద తక్కువ కాదు. కానీ ఎప్పుడు అడిగారన్నది ముఖ్యం. కత్తెర పడకముందు అడిగితే అది కొనేవాళ్ల హక్కు, వాళ్లు సంతోషంగా చేస్తారు. కోశాక అడిగితే తగాదా అవుతుంది, ఎందుకంటే కోసిన బట్టను చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు. మాట్లాడాల్సిందంతా ముందే మాట్లాడండి.

ఉచ్చారణ గురించి బెంగ వద్దు. చిన్న కాగితం మీద రాసి బల్ల మీద పెట్టండి: ఏ బట్ట, ఎన్ని అంగుళాలు, ఒకే ముక్కగా కావాలి. గజాలతోపాటు అంగుళాలు కూడా రాయండి. మూడుంబావు అన్న మాట వాళ్లకు ఇంకోలా వినిపించవచ్చు, 117 అంగుళాలు అని రాస్తే పొరపాటు జరగదు. ఆ కాగితం మీదే మీ బొంత కొలత వేసి చూపించి, ‘అడుగుకు ఇది చాలుతుందా?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మీకు దొరికే సాయం ఎంతో! చిన్న క్విల్టు దుకాణాల్లో బల్ల దగ్గర నిలబడే ఆడవాళ్లు చాలావరకు తామూ కుట్టేవాళ్లే. ఎదుటి మనిషి ఏం కుడుతోందో తెలిస్తే వాళ్లు కొలత ఒక్కటే చూడరు, మీ లెక్క కూడా సరిచూస్తారు. పాత చీరలు రెండు ముక్కలు వెంట తీసుకెళ్లండి. రంగు కలపడానికీ పనికొస్తాయి, మాట కలపడానికీ పనికొస్తాయి. శనివారం మధ్యాహ్నం కాకుండా మామూలు రోజు ఉదయం వెళ్లండి.

బట్ట, కుట్టు సామాను అమ్మే జోఆన్ దుకాణాలు 2025లో అన్నీ మూతపడ్డాయి. 1943లో మా క్లీవ్‌లాండ్‌లోనే మొదలైన సంస్థ అది. మనవాళ్లు ఎందరో మొదటి బట్ట కొన్నది అక్కడే. ఇప్పుడు మిగిలినవి ఊరూరా శాఖలున్న పెద్ద దుకాణాలు, ఈ చిన్న దుకాణాలు. చిన్న దుకాణంలో గజానికి ధర ఎక్కువే. పట్టీకి గజం కొనేవాళ్లు ఎక్కడ కొన్నా పరవాలేదు. పాపకు కుట్టే బొంత అడుగుకు మాత్రం నేను చిన్న దుకాణానికే వెళ్లమంటాను. బేరం ఉండదు, కొసరు అడగకూడదు. కానీ తానులో చివర అర గజం కన్నా తక్కువ మిగిలితే, మిగతాది కూడా ఇస్తారా, తగ్గించి ఇస్తారా అని అడగవచ్చు. చాలాచోట్ల ఇస్తారు.

ఇప్పుడు ఎరుపు బట్ట. ఉతకకుండా, బిల్లుతో, ఇనుప టేపుతో వెళ్లండి. ‘రెండు అంచుల దగ్గరా కొలిచి చూపిస్తాను’ అని వాళ్ల బల్ల మీదే పరచండి. మోసం అన్న మాట నోట రానివ్వకండి. కొత్తగా గజం కోసి ఇవ్వమనండి, లేదా తగ్గిన అంగుళాలకు డబ్బు ఇవ్వమనండి. బల్ల మీద ఉన్న మనిషి కాదంటే మేనేజరుతో మాట్లాడతానని నెమ్మదిగా చెప్పండి. నూటికి తొంభై మంది అక్కడికే సరిచేస్తారు. ఒకే దుకాణంలో మళ్లీ మళ్లీ తక్కువ వస్తుంటే మాత్రం ఊరుకోవద్దు. ఒహాయోలో తూనికలు కొలతలు చూసేది కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆడిటర్ కార్యాలయం. పెట్రోలు పంపుల మీద ఆ ఆడిటర్ పేరుతో ముద్ర చూసే ఉంటారు. అక్కడికి ఫిర్యాదు చేయవచ్చు. వీసా మీద వచ్చినవాళ్లం మనకెందుకు అనుకోకండి. కొలత చట్టం కొన్న ప్రతివాళ్లదీ.

జవాబు: రాజోలు నుంచి, ఇప్పుడు డాలస్

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఒక్క మాట. కొన్ని సైట్లలో సంఖ్య దగ్గర 1 అని వేస్తే గజం కాదు, అర గజం. కొన్నింట్లో పావు గజం. మూడు గజాలకు 6 వేయాలో 12 వేయాలో ధర పక్కన రాసినది చదివి వేయండి. కలిపి ఒకే ముక్కగా కోస్తారో లేదో కూడా చూసుకోండి. పావు గజం రెండు రకాలుగా అమ్ముతారు: 9 అంగుళాల నిలువుతో పొడుగు పీలిక ఒకటి, 18కి 22 వచ్చే ముక్క ఒకటి. విస్తీర్ణం ఒకటే అయినా చీర ముక్కల పక్కన పెద్ద చతురం కావాలంటే రెండోదే పనికొస్తుంది.

ఊరి నుంచి తెప్పించుకోవాలనుకునేవాళ్లు రాజమండ్రి తాడితోటలో కొనిపించండి, కానీ అమ్మానాన్నలకు పన్నా, పొడవు రెండూ సెంటీమీటర్లలో చెప్పండి. బండారులంక నేత బట్టకు పన్నా ఇంత అని ముందే అనుకోవద్దు, కొలిచి ఫోటో పంపమనండి.

జవాబు: తణుకు పెద్దాయన

అమ్మాయీ, అడుగు బట్ట కోసం మళ్లీ కొనకు. నీ దగ్గర ఉన్నది చాలు. 103 అంగుళాలను రెండుగా కోస్తే ముక్కకు 51న్నర. నీకు 53 కావాలి, అంటే అంగుళంన్నర తక్కువ. రెండో వైపు చూడు: 40 పన్నా ముక్కలు రెండు కలిపితే 80 అవుతుంది, నీకు కావలసింది 68. కుట్లకు పోగా ఒక పక్క పది అంగుళాలకు పైగా మిగులుతోంది. అందులోంచి మూడంగుళాల పట్టీలు రెండు తీసి, కొసకు కొస కలిపి, 68 పొడవు చేసి, తక్కువ పడిన వైపు కుట్టెయ్యి. లేదా ఆ పట్టీ మీ అమ్మ చీర అంచుతో వెయ్యి. కుట్టు మడతను ఒకే పక్కకు వాల్చి ఇస్త్రీ చెయ్యి, పెద్ద మెషీను ఆవిడకు అతుకు ఎక్కడుందో ముందే చెప్పు.