ఏడో తరగతి అమ్మాయి ఏడాది చివరి పోర్ట్‌ఫోలియో: తల్లిదండ్రులు ఎంతవరకు సాయం చేయవచ్చు?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మేము ఈ జనవరిలో అమెరికాకు వచ్చాము. మా అమ్మాయి ఇక్కడి మిడిల్ స్కూల్లో ఏడో తరగతి చదువుతోంది. ఏడాది చివర ప్రతి విద్యార్థీ తాను నేర్చుకున్నదాన్ని చూపే పోర్ట్‌ఫోలియో తయారుచేసి, టీచరు సమక్షంలో తల్లిదండ్రులకు తానే వివరించాలని బడి నుంచి ఉత్తరం వచ్చింది. మంచి మార్కులు వచ్చిన కాగితాలన్నీ వరుసగా పెట్టి, అందంగా ఫైలు చేయిస్తే సరిపోతుందా? సగం సంవత్సరమే చదివిన పిల్ల ఏం చూపించగలదు? ఇంగ్లీషులో ఇంకా తడబడుతోంది కనుక, చెప్పవలసిన మాటలు మేమే రాసి కంఠస్థం చేయించడం మంచిదా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయండి.

మొదటి జవాబు

సోదరి గారికి నమస్కారం. మా పిల్లలిద్దరూ ఇక్కడి మిడిల్ స్కూల్ దాటి వెళ్లినవారే కనుక తెలిసింది రాస్తున్నాను.

మార్కుల సంగతి రిపోర్ట్ కార్డు చూసుకుంటుంది. పోర్ట్‌ఫోలియో జవాబు చెప్పవలసిన ప్రశ్న వేరు: బడిలో చేరిన రోజున ఈ పిల్ల చేయలేని పని ఏది, ఇప్పుడు చేయగలుగుతున్నది ఏది, ఆ మధ్యలో ఏం జరిగింది? అందువల్ల మొదటిసారే నూటికి నూరు వచ్చిన కాగితం చూడ్డానికి ఎంత బాగున్నా, దాని గురించి మీ అమ్మాయికి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. టీచరు అంచుల్లో వ్యాఖ్యలు రాసి వెనక్కి ఇచ్చిన వ్యాసమూ, ఆ వ్యాఖ్యలు చదువుకుని తిరగరాసిన ప్రతీ పక్కపక్కన పెడితే మాత్రం అయిదు నిమిషాలు ధారాళంగా చెప్పవచ్చు. మనం చదువుకున్న రోజుల్లో చిత్తుప్రతిని చించేసి సాఫు చేసిన ప్రతినే అప్పగించేవాళ్లం. ఇక్కడ ఆ చిత్తుప్రతికే విలువ ఎక్కువని ముందుగా మనం నమ్మాలి. మనకు నమ్మకం లేకపోతే పిల్లలు దాన్ని చూపించడానికి సిగ్గుపడతారు.

ముందు చేయవలసిన పని, బడి ఇచ్చిన సూచనల కాగితాన్నీ, రూబ్రిక్‌నూ (అంటే టీచరు వేటిని చూసి మదింపు చేస్తారో చెప్పే పట్టికను) సంపాదించడం. ఎన్ని పనులు పెట్టాలి, ఏయే సబ్జెక్టుల నుంచి పెట్టాలి, కాగితాల ఫైలా లేక గూగుల్ స్లయిడ్స్ లాంటి వాటిలోనా అన్నది బడిని బట్టి మారుతుంది. కనుక ఈ విషయంలో మా అనుభవం కంటే మీ టీచరు మాటే ప్రమాణం.

తరువాతిది ఎంపిక. ఇది పూర్తిగా అమ్మాయి చేతుల్లో ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఇబ్బంది పెట్టి చివరకు లొంగిన పని ఒకటి, తిరగరాసి మెరుగుపరచినది ఒకటి, తనకు గర్వంగా అనిపించినది ఒకటి ఏరుకోమనండి. చిత్తుప్రతులు పోయాయని అంటే కంగారు పడకండి. గూగుల్ డాక్స్‌లో రాసినవైతే ఫైల్ మెనూలోని వర్షన్ హిస్టరీ తెరిస్తే, మొదట్లో రాసిన రూపం చాలావరకు తేదీతో సహా కనిపిస్తుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవచ్చు. గూగుల్ క్లాస్‌రూమ్‌లో తిరిగి ఇచ్చిన పనుల దగ్గర టీచరు రాసిన వ్యాఖ్యలు కూడా దొరుకుతాయి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ప్రతి పనికీ జతచేసే రిఫ్లెక్షన్ మీద, అంటే ఆ పని గురించి విద్యార్థి తన మాటల్లో రాసుకునే సమీక్ష మీద. మా అబ్బాయి సైన్సులో లోలకం ప్రయోగం చేసినప్పుడు మొదట రాసిన సమీక్ష ఇది: "ఈ ప్రయోగం నాకు చాలా నచ్చింది. దీని ద్వారా ఎంతో నేర్చుకున్నాను." ఇందులో తప్పు లేదు, కాని ఏ ప్రయోగానికైనా ఇదే వాక్యం అతికించవచ్చు. ఏం నేర్చుకున్నావు, ఎక్కడ ఆగిపోయావు అని అడుగుతూ పోతే, వాడే ఇలా తిరగరాశాడు: "మొదట ఒక్క ఊపుకు పట్టే కాలాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచాను. కొలిచిన ప్రతిసారీ వేరే అంకె వచ్చింది. బటన్ నొక్కడంలో నా చెయ్యి ఆలస్యం అవుతున్నట్టు అర్థమైంది. అందుకని పది ఊపులకు కొలిచి పదితో భాగించాను. అప్పుడు అంకెలు దగ్గరగా వచ్చాయి. బరువు మార్చినా కాలం మారలేదు, దారం పొడవు పెంచితేనే పెరిగింది. బరువు పెరిగితే వేగంగా ఊగుతుందన్న నా ఊహ తప్పు." రెండో దాంట్లో పిల్లవాడి ఆలోచన మొత్తం కనిపిస్తోంది. టీచరు చూడదలచుకున్నది సరిగ్గా అదే.

ఏం రాయాలో తోచకపోతే, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1967లో మొదలైన ప్రాజెక్ట్ జీరో రూపొందించిన ఒక పద్ధతి బాగా ఉపకరిస్తుంది. "ఇంతకుముందు ఇలా అనుకునేదాన్ని, ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను" అనే రెండు వాక్యాలను పూరించమని అడగడమే ఆ పద్ధతి. చాలామంది టీచర్లకు ఇది పరిచయమే.

మీరు సాయం చేయండి, ప్రశ్నల రూపంలో మాత్రమే. వాక్యాలు మీరు దిద్దవద్దు. స్పెల్లింగు సరిచూసుకోమని గుర్తుచేయడం వేరు, మన ఇంగ్లీషును పిల్ల ఇంగ్లీషు స్థానంలో పెట్టడం వేరు. రెండోది జరిగితే టీచరు మొదటి పేరాలోనే గుర్తుపడతారు. అంతకంటే ముఖ్యంగా, నా మాటలు పనికిరావన్న అభిప్రాయం పిల్ల మనసులో నాటుకుంటుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి

చాలా కృతజ్ఞతలండీ. ఎంపిక, సమీక్ష సంగతి స్పష్టమైంది. అయితే ఆ రోజు ఎదుట నిలబడి చెప్పడం గురించే మాకు భయంగా ఉంది. జనవరికి ముందు పనులేవీ ఇక్కడి బడిలో లేవన్నది మరొక బెంగ.

రెండో జవాబు

అమ్మా, నేను ఇక్కడి మిడిల్ స్కూల్లో పాఠాలు చెబుతున్నాను. ఇటువంటి సమావేశాలు ఏటా జరిపించేవారిలో ఒకరిగా రాస్తున్నాను.

మీరు ఊహించుకుంటున్నట్టు వేదిక మీద ప్రసంగం ఏమీ ఉండదు. విద్యార్థి నడిపే ఈ సమావేశం సాధారణంగా పదిహేను, ఇరవై నిమిషాలది. చాలా బడుల్లో ఒకే గదిలో మూడు నాలుగు కుటుంబాలు వేర్వేరు బల్లల దగ్గర కూర్చుంటాయి. టీచరు ఒక బల్ల నుంచి మరొక బల్లకు వెళుతూ కొద్దిసేపు వింటారు. మాట్లాడేది పిల్లలు, వినేది తల్లిదండ్రులు.

కంఠస్థం వద్దనే నేను చెబుతాను. బట్టీ పట్టిన పిల్లలు మధ్యలో ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ఆగిపోతారు, మళ్లీ మొదటి నుంచి అందుకోవలసి వస్తుంది. దానికి బదులు ఒక్కొక్క పనికి మూడు నాలుగు ముఖ్యమైన మాటలు చిన్న కార్డు మీద రాసుకోమనండి. ముందు ఇంట్లో తెలుగులోనే మీకు వివరించమనండి, ఎందుకంటే ఏం చెప్పాలన్నది తేలిపోయాక ఏ భాషలో చెప్పాలన్న కష్టం సగం తగ్గుతుంది. తరువాత అదే విషయాన్ని ఇంగ్లీషులో చెప్పమనండి. చెబుతున్నప్పుడు కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ టీచర్ కారణం అడిగారు, అందుకే ఈ వాక్యం చేర్చాను" అని చూపడం అలవాటు చేయండి. చూపించడానికి వస్తువు చేతిలో ఉంటే మాట దానంతట అదే వస్తుంది. సమావేశంలో కొంత భాగం తెలుగులో చెప్పవచ్చా అని టీచరును ముందే అడగండి. నా తరగతిలోనైతే సంతోషంగా ఒప్పుకుంటాను. మీకే దుబాసీ అవసరమనుకుంటే కొన్ని వారాల ముందే బడికి రాసి అడగండి, ఆ బరువు అమ్మాయి మీద వేయకండి.

సగం సంవత్సరం అన్నది లోపం కాదు. మీ అమ్మాయికి ప్రారంభం జనవరి, అంతే. చేరిన మొదటి వారంలో రాసిన ఇంగ్లీషు పేరా, మే నెలలో రాసిన పేరా పక్కపక్కన పెడితే ఆ తరగతిలో అంత స్పష్టమైన ఎదుగుదల చూపగలిగేవారు తక్కువమందే ఉంటారు. పాత బడి నోటు పుస్తకం తెచ్చుకుని ఉంటే, గణితంలో అక్కడ నేర్చుకున్న పద్ధతికీ ఇక్కడి పద్ధతికీ ఉన్న తేడా వివరించడం కూడా చక్కని అంశమే. చాలా రాష్ట్రాల్లో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు పెట్టే వైడా ఆక్సెస్ పరీక్ష వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం అనే నాలుగు విభాగాల్లో స్థాయిని చెబుతుంది. మీ అమ్మాయి ఆ పరీక్ష రాసి ఉంటే ఆ ఫలితం ఆమె ఎక్కడ ఉందో చెబుతుంది, ఎలా వచ్చిందో చెప్పదు. రెండోది చెప్పగలిగేది ఆ రెండు పేరాలే.

ఒక మనవి. ఆ గదిలో దయచేసి "మిగతావాళ్లు ఎలా చేశారు?" అని అడగవద్దు. 1990ల ఆరంభంలో వెర్మాంట్ రాష్ట్రం 4, 8 తరగతుల రచన, గణితం పోర్ట్‌ఫోలియోలను రాష్ట్రవ్యాప్త మదింపుకు ఉపయోగించింది. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ పరిశీలించినప్పుడు, ఒకే పోర్ట్‌ఫోలియోకు ఇద్దరు వేర్వేరు మదింపుదారులు ఇచ్చిన స్కోర్లు తగినంతగా కలవడం లేదని బయటపడింది. పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చడానికి ఇది మంచి కొలబద్ద కాదు. ఒకే పిల్లను నిన్నటితో పోల్చి చూడడానికైతే ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. అమ్మాయి ఆలోచించుకోవడానికి ఆగినప్పుడు మీరు అందించకండి, కొన్ని క్షణాలు ఓపిక పట్టండి. చివర్లో వచ్చే ఏడాది లక్ష్యం చెప్పమంటారు. "ఇంకా బాగా చదువుతాను" అనే మాట కంటే "సైన్సు నివేదికలో ప్రతి నిర్ణయానికీ ఒక కొలతను ఆధారంగా చూపిస్తాను" అనే మాట వేయి రెట్లు మేలు.

మూడో జవాబు

పైవారు చెప్పినవాటికి రెండు చేర్పులు. పోర్ట్‌ఫోలియోను వెబ్‌సైటు రూపంలో చేయమంటే, అది ఎవరెవరికి కనిపిస్తుందో సెట్టింగులలో తప్పక చూడండి. గ్రూపు ప్రాజెక్టుల ఫోటోలలో ఇతర పిల్లల ముఖాలు, పేర్లు ఉంటే తీసివేయించండి.

రెండవది, బడి ఇచ్చిన అకౌంటు బడిది. బడి మారినప్పుడు అందులోని ఫైళ్లు అందకుండా పోవచ్చు, బయటి అకౌంట్లకు షేర్ చేయడాన్ని కూడా చాలా బడులు అనుమతించవు. సెలవులు మొదలయ్యేలోపే మొత్తాన్ని పీడీఎఫ్‌గా డౌన్‌లోడ్ చేసి ఇంట్లోని కంప్యూటరులో ఉంచుకోండి. టీచరు చేతిరాతతో వ్యాఖ్యలున్న కాగితాలను ఫోన్‌తో స్కాన్ చేసి దానితోపాటే పెట్టండి. ఎనిమిదో తరగతిలో ఇదే పని మళ్లీ వస్తే, ఈసారి రాసుకున్న లక్ష్యం పేజీ నుంచే మొదలుపెట్టవచ్చు.