పిల్లాడి అలర్జీ సంగతి క్లాసులో అందరికీ చెప్పాలా?

ప్రశ్న (రెండో తరగతి బాబు అమ్మ):
మా బాబుకి వేరుశనగ పడదు, ఒకసారి ఊపిరాడక ఆసుపత్రి దాకా వెళ్లింది వ్యవహారం. అందుకే స్కూల్ తెరవగానే డాక్టర్ రాసిచ్చిన కాగితం, అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్నులు (అలర్జీ ప్రాణం మీదకొస్తే వెంటనే వేసేవి) ఆఫీసులో ఇచ్చాం. వాళ్లేమో వాడి ఫొటో, పేరు, జబ్బు వివరం మొత్తం ప్రింట్ తీసి క్లాసు తలుపుకి అంటించేశారు, పైగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పేరుతో సహా పెట్టారు. ఇప్పుడు వాడిని ఎవరూ పుట్టినరోజులకి పిలవడం లేదు, భోజనాల దగ్గర పిల్లలు పక్కన కూర్చోవడానికి జంకుతున్నారు. కాగితం తీసేయమంటే "ప్రాణం ముఖ్యమా, పరువు ముఖ్యమా" అన్నారు ప్రిన్సిపాల్. నాకు రెండూ కావాలి. ఎలా అడగాలి?

జవాబు (టీచర్):
అవసరమైతే బాబుకి పెన్ను వేయాల్సినవాళ్లెవరో, జాగ్రత్తపడితే సరిపోయేవాళ్లెవరో విడదీసి అడగండి. క్లాస్ టీచర్, ఆటల సార్, భోజనం వడ్డించేవాళ్లు, బస్సులో ఆయా, ఎవరైనా సెలవు పెడితే ఆ రోజుకి వచ్చే టీచర్, వీళ్లకి బాబు ముఖం తెలియాల్సిందే. మిగతా తల్లిదండ్రులకి "ఈ క్లాసులో వేరుశనగ పడని పిల్లలున్నారు, పంపకండి" అంటే చాలు, పేరెందుకు? మా దగ్గర ఆ కాగితం స్టాఫ్‌రూమ్ బీరువా తలుపుకి లోపలివైపు ఉంటుంది, ఇంకో కాపీ హాజరుపట్టీ అట్ట లోపల. కొత్తగా వచ్చిన టీచర్ పట్టీ తెరవగానే అదే కనబడుతుంది.

జవాబు (ఇంకో అమ్మ):
నేను పూర్తిగా ఒప్పుకోను. మా పాపకి పాలు పడవు, దాని స్నేహితురాళ్లందరికీ తెలుసు, ఎవరైనా ఏదైనా పెడితే వాళ్లే అడ్డుపడతారు. దాచిపెడితే పిల్లలు ప్రేమకొద్దీ తమ డబ్బాలోది తినిపించరా?

జవాబు (స్కూల్ నర్సు):
మీ పాప తనంతట తాను చెప్పుకుందండీ, అది వేరు. ఈ బాబు విషయంలో పెద్దవాళ్లు అడక్కుండా చెప్పేశారు. డబ్బాలు మార్చుకోవద్దు, తిన్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి అని క్లాసు మొత్తానికీ పెడితే ఎవరి పేరూ రాదు. శానిటైజర్ రాస్తే చేతికంటిన వేరుశనగ పోదు, సబ్బే కావాలి.

అసలు పెన్ను ఎక్కడుంచారో అడిగారా? తాళం వేసిన ఆఫీసులో ఉంటే తలుపు మీద ఎంత పెద్ద ఫొటో ఉన్నా లాభం లేదు. తాళం లేని చోట, ఎండ తగలకుండా, ఫ్రిజ్‌లో కాకుండా ఉంచాలి. గొంతు బిగుసుకున్నా, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగి తూలుతున్నా వెంటనే తొడ బయటివైపు వేసేయాలి, బట్టల మీంచైనా సరే. తర్వాత పడుకోబెట్టాలి, ఊపిరి కష్టమైతే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. అలర్జీ సిరప్ దద్దుర్లు తగ్గిస్తుందేమో గానీ ఈ ప్రమాదాన్ని ఆపదు. అంబులెన్స్ పిలవండి, 5 నిమిషాల్లో తేడా లేకపోతే రెండో పెన్ను. తగ్గినట్టే తగ్గి గంటల తర్వాత మళ్లీ రావచ్చు, కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ప్రశ్న అడిగినావిడ:
చాలా థ్యాంక్సండీ. ఎవరెవరికి చెప్పాలో పేర్లు రాసి, మిగతావాళ్లకి మా అనుమతి లేదని లెటర్ ఇస్తున్నాను. గ్రూపులో మెసేజ్ తీసేసి పేరు లేకుండా పెట్టమంటాను. బస్సు ఆయా సంగతి నాకు తట్టనేలేదు. పెన్ను ఎక్స్‌పైరీ ఎవరు చూస్తారు?

జవాబు (స్కూల్ నర్సు):
స్కూల్ చూస్తుందని వదిలేయకండి, తేదీ మీ ఫోన్‌లో కూడా పెట్టుకోండి. సూది లేని ట్రైనర్ పెన్ను దొరికితే అదీ ఇవ్వండి, ఆయాతో సహా అందరూ ఒకసారి చేత్తో వేసి చూడాలి.