వైట్ ప్లేట్ (సొంత వాడకం) కారులో డబ్బులు తీసుకుని ఎయిర్‌పోర్ట్ డ్రాప్: ఇందులో తప్పేంటి?

నిజాంపేట_స్విఫ్ట్: కంపెనీలో ఉద్యోగం పోయింది. ఈ వయసులో మళ్లీ ఎవరూ తీసుకోవడం లేదు. సొంత కారులో మా అపార్ట్‌మెంట్ వాళ్లను శంషాబాద్‌లో దింపి వస్తున్నాను. పెట్రోలు, ఔటర్ రింగ్ రోడ్ (ఓఆర్‌ఆర్) టోల్ పోగా కొంచెం మిగులుతుంది. నిన్న గేటు దగ్గర ఒక క్యాబ్ డ్రైవర్ "మా పొట్ట కొడుతున్నావు" అని అందరి ముందూ అరిచాడు. నేను చేస్తున్నది అంత పెద్ద నేరమా?

లా_పాయింట్: నేరమే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 66 ప్రకారం డబ్బులకు మనుషుల్ని తిప్పాలంటే పర్మిట్ ఉండాలి. 2019 సవరణ తర్వాత 192ఎ కింద మొదటిసారి దొరికినా పది వేలు ఫైన్, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. పైగా మీకు బ్యాడ్జ్ (కిరాయి బండి నడపడానికి లైసెన్స్ మీద వేసే అనుమతి) కూడా ఉండి ఉండదు.

మణికొండ_ఎల్లోప్లేట్: సార్ బాగా చెప్పారు. మేము ఫిట్‌నెస్, పర్మిట్, కమర్షియల్ ఇన్సూరెన్స్ అన్నీ కట్టి రోడ్డెక్కుతాం. ఆయనకు ఇవేవీ లేవు కాబట్టి రేటు తగ్గించి ఇవ్వగలడు. అర్ధరాత్రి శంషాబాద్‌లో దింపాక రిటర్న్ దొరక్కపోతే మేము పార్కింగ్‌లో సీటు వాల్చుకుని పడుకుంటాం. ఖాళీగా వస్తే బండి ఖర్చు మాకెవరిస్తారు?

నిజాంపేట_స్విఫ్ట్: నేనూ ఖాళీగానే వస్తున్నా తమ్ముడూ.

బాచుపల్లి_అమ్మ: మా అబ్బాయి అమెరికా వెళ్లేటప్పుడు యాప్‌లో క్యాబ్ పెట్టాం. వచ్చిన బండి డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్. 23 కిలోల పెట్టెలు రెండు, క్యాబిన్ బ్యాగు, పచ్చళ్ల డబ్బా. ఒక పెట్టె మా ఆయన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. డ్రైవర్ ముందే "క్యాష్ ఎంత ఇస్తారు" అని అడిగాడు. అప్పటి నుంచి పక్క ఫ్లాట్ ఆయన కారే.

మణికొండ_ఎల్లోప్లేట్: అమ్మా, సిలిండర్ పెట్టించుకోకపోతే మాకు కిస్తీలు కట్టడానికి మిగలదు. దానికీ ఈ చర్చకూ సంబంధం ఏంటి?

పుష్పక్_ప్యాసింజర్: అందరూ పుష్పక్ ఎయిర్‌పోర్ట్ బస్సు ఎక్కండి, గొడవ ఉండదు.

బాచుపల్లి_అమ్మ: ఆ పెట్టెలతోనా నాయనా?

సర్వీస్_రోడ్: లా పాయింట్ గారూ, ఆ బ్యాడ్జ్ మాట పాతది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది కదా, 7,500 కిలోల లోపు రవాణా వాహనానికి మామూలు కారు (ఎల్‌ఎమ్‌వీ) లైసెన్స్ సరిపోతుందని.

లా_పాయింట్: అది లైసెన్స్ గురించి. నేను పర్మిట్ గురించి చెప్పాను.

సర్వీస్_రోడ్: బ్యాడ్జ్ అన్నది మీరే. పైకి వెళ్లి చదవండి.

లా_పాయింట్: చదివాను. అసలు ప్రమాదం ఇన్సూరెన్స్‌లో ఉంది. ప్రైవేట్ పాలసీలో కిరాయికి వాడకూడదని రాసి ఉంటుంది. యాక్సిడెంట్ అయితే అవతలివాళ్లకు కంపెనీ ముందు కట్టినా, ఆ మొత్తం తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకునే అవకాశం ఉంది. నలుగురిని ఎక్కించుకుని తెల్లవారుజామున ఓఆర్‌ఆర్ మీద నడిపే మనిషికి ఈ సంగతి తెలియాలి.

నిజాంపేట_స్విఫ్ట్: ఇన్ని చట్టాలు చెప్పేవాళ్లు నాకు ఉద్యోగం ఇప్పించండి. నేను తాగను, ఫోన్ మాట్లాడుతూ నడపను, చెప్పిన టైముకు పది నిమిషాల ముందే కింద ఉంటాను. ముసలివాళ్లను టెర్మినల్ గేటు దాకా దిగబెట్టి వస్తాను. చదువుకున్న మనిషి నడిపితే జనానికి ఒక భరోసా.

మణికొండ_ఎల్లోప్లేట్: ఇప్పుడు బయటపడింది! చదువుకున్న మనిషా? నేను డిగ్రీ ఫెయిల్. అంటే నేను తాగి నడుపుతానా? ఒక అపార్ట్‌మెంట్‌కు ఏళ్ల తరబడి డ్రాప్‌లు వేశాను. కోవిడ్‌లో పాస్ చూపించి డయాలిసిస్ పేషెంట్లను కూడా తీసుకెళ్లాను. అప్పుడు "అన్నా, నువ్వుంటే టెన్షన్ లేదు" అనేవాళ్లు. తర్వాత మీలాంటి ఒకాయన కారు తీశాడు, నాకు ఫోన్లు ఆగిపోయాయి. ఆయన ఎంత తీసుకుంటాడో నేనూ అంతకే వస్తానన్నా. అయినా పిలవలేదు.

నిజాంపేట_స్విఫ్ట్: నిన్ను అన్లేదు తమ్ముడూ. రేటు సమానమైతే మరి గొడవ దేనికి?

మణికొండ_ఎల్లోప్లేట్: అదే కదా చెబుతున్నా! నాది రేటు గొడవ కాదు. నేను గేటు దగ్గర పేరు రాసి, ఫొటో దిగి, ఫ్లాట్ వాళ్లు ఓకే అనేదాకా బయట నిలబడాలి. మీరు లిఫ్ట్ దిగి బండి తీస్తారు. ఫైన్ మీకు పడినా నాకు ఒరిగేదేం లేదు. కిరాయి పార్టీలన్నీ మీ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నాయి. ఆ అపార్ట్‌మెంట్ గ్రూపులో నా నంబర్ పెట్టించమంటే కమర్షియల్ పోస్టులు నిషేధం అన్నారు. ఆయన పోస్టు మాత్రం పిన్ చేసి ఉంది.

బాచుపల్లి_అమ్మ: మా గ్రూపులోనూ అంతే.

సర్వీస్_రోడ్: స్విఫ్ట్ గారూ, మీ గ్రూపులో ఆ రూలుందా?

నిజాంపేట_స్విఫ్ట్: ఉంది. రియల్ ఎస్టేట్ వాళ్ల పోరు పడలేక పెట్టాం. నేను చేసేది ఇరుగుపొరుగు సాయం లాంటిది, అందుకే అభ్యంతరం రాలేదు.

మణికొండ_ఎల్లోప్లేట్: డబ్బులు తీసుకుంటున్నానని మొదటి లైన్లోనే రాశారు సార్. అడ్మిన్ ఎవరు?

నిజాంపేట_స్విఫ్ట్: నేనూ, ఇంకో ఇద్దరూ. నీ నంబర్ పెట్టాలంటే అసోసియేషన్ మీటింగ్‌లో అడగాలి.

మణికొండ_ఎల్లోప్లేట్: మీ పోస్టు పెట్టడానికి ఏ మీటింగ్‌లో అడిగారు?