‘చేరదీయును’: 27వ కీర్తనలోని ఒక క్రియ గురించి

ప్రశ్న (కందుకూరు నుంచి ఒక సభ్యురాలు): “నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును” అన్న పదో వచనంలో ‘చేర్చుకొనును’ అని గాని ‘ఆదరించును’ అని గాని అనకుండా ‘చేరదీయును’ అనడంలో విశేషమేమైనా ఉన్నదా? బాప్తిస్మం తీసుకున్నందుకు పుట్టింటివారు గడప తొక్కనివ్వని ఒకామె మా సంఘంలో ఉన్నారు. “చేరదీయును అన్నారు సరే, ఎప్పుడండీ?” అని ఆమె అడిగితే నాకు జవాబు తోచలేదు.

జవాబు: అమ్మా, ముందు మాట సంగతి చూద్దాం. చేరన్, తీయు అన్న రెండు క్రియలు కలిసి ఇది ఏర్పడింది. ద్రుతం మీది పరుషం సరళం కావడంవల్ల ‘తీయు’ కాస్తా ‘దీయు’ అయింది. అరసున్నతో రాసేవారు ‘చేరఁదీయు’ అని రాస్తారు. ఇక్కడ తీయడమంటే తొలగించడం కాదు, లాక్కోవడం. ‘బిడ్డను దగ్గరికి తీసింది’ అంటామే, ఆ తీయడం. చేర్చుకోవాలంటే వచ్చేవాడు గుమ్మం దాకా రావాలి. బడిలో చేర్చుకుంటారు, సంఘంలో చేర్చుకుంటారు. దానికి అర్జీ ఉంటుంది, చిట్టాలో పేరు ఎక్కడం ఉంటుంది. చేరదీయడంలో చాచిన చెయ్యి అవతలివారిది కాబట్టి, దూరాన నిలబడ్డ మనిషి అడుగు వేయలేకపోయినా ఆ పని జరుగుతుంది.

హీబ్రూ మూలంలో ఉన్నది ‘అసఫ్’ అన్న ధాతువు. పంటను కల్లం నుంచి ఇంటికి చేర్చడానికీ అదే మాట. దారి తప్పిన ఎద్దు కనబడి, దాని యజమాని దగ్గరలో లేకపోతే, ఇంటికి తోలుకొనివచ్చి అతడు వెతుక్కుంటూ వచ్చేదాకా ఉంచమన్న ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలోనూ అదే. గొడ్లను సాకిన ఒంగోలు ప్రాంతంవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు: తప్పిపోయిన గొడ్డును బందెలదొడ్డికి తోలడం ఒక పద్ధతి, మన కొట్టంలో కట్టేసి కుడితి పెట్టడం ఇంకొక పద్ధతి. కీర్తనకారుడు చెప్పింది రెండోది.

ఇక ‘ఎప్పుడు’ అన్న ప్రశ్న. ‘చేరదీయును’ తద్ధర్మార్థక రూపం. భవిష్యత్తుకు వాడతాం గాని, ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ అన్నప్పటిలాగా స్వభావాన్ని చెప్పడానికి కూడా అదే రూపం. ‘విడిచినను’ కూడా అంతే. విడిచిపెట్టేశారు, అయినా అనీ, ఒకవేళ విడిచినా అనీ రెండు విధాలా చదవవచ్చు. హీబ్రూలో ‘విడిచారు’ అని జరిగిపోయిన పనిగానే చదవడానికి వీలున్నదానికి తెలుగు అనువాదం ఈ వెసులుబాటు ఇచ్చింది. పండితులు దీన్ని లోపమంటారేమో గాని, నాకు మాత్రం అది మన అదృష్టంగానే తోస్తుంది.

ఈ వాక్యం మన జిల్లాల్లో అందరికీ ఒకే తీరుగా తగల్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అలా పల్లెకు పల్లెగా వచ్చినవారిలో చాలామందికి అమ్మానాన్నలు పక్కనే నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఒంటరిగా వచ్చినవారి సంగతి వేరు.

మా అమ్మమ్మ అలా ఒంటరిగా వచ్చిన మనిషి. ఆమెది ఉలవపాడు దగ్గర పల్లె. బాప్తిస్మం తీసుకున్న మర్నాటినుంచి అన్నలు ఆమె కంచమూ చెంబూ వేరుచేసి గొడ్లకొట్టం పంచన పెట్టారు. అన్నం పైనుంచి ఎత్తి వేసేవారు. అంచు సొట్టపోయిన ఆ సత్తుకంచాన్ని నేను చూశాను. ఈ వచనం వచ్చినప్పుడు ఆమె ‘చేరదీయును’ అని చదివేది కాదు. “వాళ్ళు ఇడిస్తే ఇడిచారు, ఆయన చేరదీశాడు గదా” అని భూతకాలంలోకి మార్చేసేది. ఆ కొట్టంలో ఆమె ఇంకా రెండేళ్ళు ఉండవలసివచ్చింది కదా, మరి చేరదీసింది ఎప్పుడని ఒకసారి అడిగాను. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చెప్పే బైబిలు స్త్రీ వారానికొకసారి వచ్చేది; ఆమె మొదటిసారి ఆ పంచన చతికిలబడి, అదే కంచంలో రెండు ముద్దలు కలుపుకొని తిన్నదట. అమ్మమ్మ లెక్కలో ఆ పని ఆ పూటే జరిగిపోయింది.

మరొక సభ్యుని సందేహం (కావలి నుంచి): అయ్యా, మా వైపు ‘చేరదీస్తే నెత్తికెక్కాడు’ అంటారు. మాట అలా ఉండగా, ఇంట్లో దెబ్బలు తినే కోడళ్ళకు సైతం రోమా 5వ అధ్యాయంలోని “శ్రమ ఓర్పును” చూపించి, తిరిగి ఆ ఇంటికే వెళ్ళి ఓర్చుకోమని చెప్పే పెద్దలున్నారు. ఈ వచనాన్నీ అలాగే వాడవచ్చునా?

జవాబు: నెత్తికెక్కే భయం చేరదీసినవారిది; ఈ వచనం మాట్లాడేది విడువబడినవారి నోటితో. ఓర్పు విషయానికి వస్తే, రోమా పత్రికలో ఆ మాటకున్న గ్రీకు పదానికి భారం కింద నిలిచి ఉండడమని అర్థం. విశ్వాసం వదలకుండా నిలవడం గురించి చెప్పిన మాటను కొట్టేవాడి చేతికి అందుబాటులో ఉండడానికి అన్వయించడం నా దృష్టిలో దుర్వినియోగమే. ‘అసఫ్’ ధాతువు వచ్చే ఇంకొక చోటు యెహోషువ 20వ అధ్యాయం. ప్రాణభయంతో ఆశ్రయపురానికి పరుగెత్తి వచ్చినవాడు గవిని (ఊరి ద్వారం) దగ్గర నిలిచి తన సంగతి చెప్పుకుంటాడు; ఊరి పెద్దలు అతణ్ణి లోపలికి తీసుకొని, ఉండడానికి చోటియ్యాలి, తరుముకొంటూ వచ్చినవాడి చేతికి అప్పగించకూడదు.