మావోరీ మాటలే బ్రాండ్ పేర్లయితే: పలకడం ఎలా, అర్థం ఏమిటి?

ప్రశ్న: న్యూజిలాండ్ తేనె సీసాల మీది పేరును కొందరు 'మానుక' అని, కొందరు 'మనూకా' అని పలుకుతున్నారు. ఏది సరైనది? ఇటువంటి పేర్ల అర్థాలను నిఘంటువు చూసి నిర్ణయించుకోవచ్చా?

మొదటి సమాధానం: న్యూజిలాండ్ మూలవాసుల భాష అయిన మావోరీలో ఆ మాటకు మొదటి అచ్చు మాత్రమే దీర్ఘం కనుక 'మానుక' అనడమే సరి. అది ఒక పొద పేరు. మన 'మాను'తో పోలిక కేవలం యాదృచ్ఛికం. ఆ భాషలోని ఐదు అచ్చులకూ హ్రస్వదీర్ఘాలున్నాయి, ప్రతి అక్షరమూ అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి, అజంత భాషకు అలవాటుపడిన మన నాలుకకు అది కష్టం కాదు. రోమన్ లిపిలో దీర్ఘాన్ని సూచించే పైగీతను లేబుళ్ల మీద వదిలేయడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి.

రెండవ సమాధానం: నిఘంటువు ఒక్కటే చాలదు. కెనడాలోని ఒక బీరు కంపెనీ ఈక అనే అర్థంలో 'హురుహురు' అని పేరు పెట్టింది. ఆ అర్థం ఉన్నమాట నిజమే గాని, వాడుకలో చాలామందికి ముందుగా స్ఫురించేది మర్మాంగాల వద్ద వెంట్రుకలు! 2020లో విమర్శలు రాగా ఆ కంపెనీ క్షమాపణ చెప్పింది.

మూడవ సమాధానం: అర్థం సరిగ్గా ఉన్నా హక్కు ప్రశ్న మిగులుతుంది. 'కియ ఓర' అనే పలకరింపుకు ఆరోగ్యంగా ఉండమని అర్థం. ఎయిర్ న్యూజిలాండ్ ఆ మాటలున్న లోగోను 2019లో ట్రేడ్‌మార్క్ చేయబోయి, మావోరీల అభ్యంతరాలతో విరమించుకుంది. అందరి నోటా ఉండే పలకరింపును ఒక సంస్థ సొంతం చేసుకోబోవడం నాకైతే సమంజసంగా తోచలేదు. అక్కడి 2002 ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం ఇటువంటి దరఖాస్తులపై సలహా ఇవ్వడానికి మావోరీ సలహా సంఘం కూడా ఉంది.